తాళంచెవి కథ: ‘ది అపార్ట్‌మెంట్’ చలనచిత్రం

హాస్యరసం శృంగారరసం నుండి పుట్టుతుందని భరతముని నాట్యశాస్త్రంలో చెప్పినాడు. ప్రేమలో పడిన మనిషి చేసే పనులు చూచేవారికి నవ్వు తెప్పిస్తాయి. ఇది తెలుసుకోవటానికి శాస్త్రం అక్కరలేదు. పెండ్లి కుదిరిన యువకుడు ఉన్న ఇల్లయితే చాలును. కాని కరుణరసానికి మూలం రౌద్రమని చెప్పినాడే గాని, హాస్యమని భరతుడు చెప్పలేదు. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ప్రేక్షకునికి గొంతు పట్టుకొనిపోయే ఘట్టాలు ఆయన చెప్పిన నాలుగు జంటలలో లేవు. ఇరువదవ శతాబ్దంలో పుట్టిన చలనచిత్రకళ మాత్రం ఈ త్రోవలో చాలదూరం నడిచినది. ప్రణయహాస్యంగా ఆరంభమై, మోసాన్ని గురించిన చేదునవ్వుగా మారి, ఆ చేదులో నుండి మళ్ళీ మనిషితనాన్ని వెలికి తీసిన చిత్రం ఒకటి ఉన్నది. దాని చరిత్ర మనం తెలుసుకోదగినది.

1960వ సంవత్సరం జూన్ నెలలో అమెరికాలో విడుదలైన ఆ చిత్రం పేరు ‘ది అపార్ట్‌మెంట్’. దర్శకుడు బిల్లీ వైల్డర్. కథాసంభాషణలు ఆయనా, ఐ. ఎ. ఎల్. డైమండూ కలిసి వ్రాసినారు. జాక్ లెమన్, షర్లీ మెక్‌లేన్, ఫ్రెడ్ మెక్‌మరీ ప్రధాన పాత్రధారులు. రంగుల చిత్రాలు విరివిగా వస్తున్న ఆ రోజులలో దీనిని నలుపు తెలుపులలోనే తీసినారు. కథాబీజం చాలా చిన్నది. న్యూయార్కు నగరంలో ఒక పెద్ద భీమా కంపెనీలో పనిచేసే బాక్‌స్టర్ అనే గుమాస్తా, తాను ఒంటరిగా ఉంటున్న అద్దె ఇంటి తాళంచెవిని సాయంత్రం పూట తన పై అధికారులకు ఎరువిస్తూ ఉంటాడు. ఆ పెద్దమనుషులు భార్యలకు తెలియకుండా అక్కడ తమ ప్రియురాండ్రను కలుసుకుంటారు. అందుకు ప్రతిఫలంగా అతని ఉద్యోగోన్నతికి సిఫారసు చేస్తామంటారు.

ఇటువంటి కథకు పూర్వచరిత్ర లేకపోలేదు. 1931లో వచ్చిన చార్లీ చాప్లిన్ ‘సిటీ లైట్స్’ చిత్రంలో ఒక దేశదిమ్మరి, పూలమ్ముకునే అంధబాలిక తనను ధనవంతుడనుకుంటే ఆ భ్రమను తొలగించడు. అదీ మోసమే. ఆమెకు చూపు వచ్చిన తరువాత ఆ మోసం బయటపడే తుదిఘట్టం చూచి కంటతడి పెట్టనివారు తక్కువ. 1940లో ఎర్నెస్ట్ లూబిచ్ తీసిన ‘ది షాప్ అరౌండ్ ది కార్నర్’ చిత్రం బుడాపెస్టు నగరంలోని ఒక దుకాణంలో జరుగుతుంది. ఒకరినొకరు ఎరుగకుండా ఉత్తరాలలో ప్రేమించుకునే ఇద్దరు ఉద్యోగుల వినోదకథ అది. కాని నడుమ ఆ దుకాణం యజమాని, తన భార్య తనను వంచిస్తున్నదని తెలిసి ఆత్మహత్యకు సిద్ధపడతాడు. క్రిస్మస్ పండుగ ముందరి దినాలు, చిన్న ఉద్యోగుల బెంగలు, దాంపత్యంలో వంచన, మృత్యువు నీడ — ఇవన్నీ ఆ తేలికపాటి చిత్రంలో ఉన్నవి. ఇరువది సంవత్సరాల తరువాత ‘ది అపార్ట్‌మెంట్’లోనూ ఇవే కనిపిస్తాయి. ఇది కేవలం కాకతాళీయం కాదేమో. వైల్డరు లూబిచ్‌ను గురువుగా భావించినవాడు. 1939లో లూబిచ్ దర్శకత్వం వహించిన ‘నినోచ్కా’ రచయితలలో ఒకడు. ఏ చిక్కు వచ్చినా లూబిచ్ అయితే దీనిని ఎట్లా పరిష్కరించేవాడని ప్రశ్నించుకొనేవాడట. ఆ ప్రశ్నను తన కార్యాలయం గోడమీద వ్రాయించి పెట్టుకున్నాడు.

వైల్డరు జీవితమే మోసాన్నీ, బ్రతుకుతెరువునూ దగ్గరగా చూచిన జీవితం. ఆయన 1906లో నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని గెలీషియా ప్రాంతంలో యూదు కుటుంబంలో జన్మించినాడు. వియన్నాలోనూ, బెర్లినులోనూ పత్రికావిలేఖరిగా పనిచేసినాడు. బెర్లినులో చేతిలో డబ్బు లేని దినాలలో ఒక హోటలులో, తోడు లేకుండా వచ్చిన స్త్రీలతో కూలికి నృత్యం చేసే ఉద్యోగం కూడా చేసి, ఆ అనుభవాన్ని పత్రికలో వ్రాసినాడు. ఆప్యాయతను గంటల లెక్కన అమ్ముకోవటం ఎట్లా ఉంటుందో ఆయనకు పుస్తకాల ద్వారా తెలిసిన విషయం కాదు. 1933లో హిట్లరు అధికారానికి రాగానే జర్మనీ వదలి పారిస్ చేరి, మరుసటి ఏడు అమెరికా వెళ్ళినాడు. ఐరోపాలో మిగిలిపోయిన ఆయన తల్లి నాజీల హత్యాకాండకు బలియైనది. ఇంత చీకటి చూచినవాడు హాస్యచిత్రాలు తీసినాడంటే, ఆ హాస్యంలో కొంత కారం ఉండటం వింత కాదు.

‘ది అపార్ట్‌మెంట్’కు బీజం వేరొక చిత్రంలో పడినది. నోయల్ కవర్డ్ వ్రాసిన ఒక ఏకాంకికను ఆధారం చేసుకొని డేవిడ్ లీన్ 1945లో ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ అనే ఆంగ్లచిత్రం తీసినాడు. వివాహితులైన ఒక స్త్రీ, ఒక పురుషుడు రైలుస్టేషనులో కలుసుకొని ప్రేమలో పడతారు. ఏకాంతం కోసం ఆ పురుషుని మిత్రుని ఇంటికి వెళ్తారు. ఆ మిత్రుడు అనుకోకుండా తిరిగి రావటంతో స్త్రీ సిగ్గుతో పారిపోతుంది. చూచినవారందరూ ఆ జంట కోసం కన్నీరు కార్చినారు. వైల్డరు మాత్రం ఆ మిత్రుణ్ణి గురించి ఆలోచించినాడు. ఇతరుల ప్రేమకు తన ఇల్లిచ్చి, వారు వెళ్ళిన తరువాత ఆ పడకమీదనే ఒంటరిగా పడుకొనే మనిషి ఎవడు? అతని కథ ఏమిటి? అందరూ కథానాయకులను చూస్తూ ఉండగా, తలుపు ప్రక్కన నిలబడినవానిని చూడగలగటమే ఈ రచయిత ప్రజ్ఞ.

ఆలోచన వచ్చినా చిత్రం తీయటానికి దాదాపు పదిహేనేండ్లు పట్టినది. హాలీవుడ్ నిర్మాతలు 1930లో ఒక నియమావళి వ్రాసుకొని 1934 నుండి కఠినంగా అమలు జరిపినారు. వ్యభిచారాన్ని ఆకర్షణీయంగా చూపరాదన్నది అందులో ఒక నియమం. 1950ల చివరకు ఆ కట్టుబాట్లు సడలినవి. 1968లో ఆ నియమావళిని తీసివేసి, ప్రేక్షకుల వయస్సును బట్టి చిత్రాలను వర్గీకరించే పద్ధతి ప్రవేశపెట్టినారు. వైల్డరు సరిగా ఆ సంధికాలాన్ని అందుకున్నాడు.

కాలం మరొక విధంగా కూడా ఈ కథకు అనువైనది. యుద్ధానంతరం అమెరికాలో పెద్ద కంపెనీలు పెరిగి, తెల్లచొక్కా ఉద్యోగుల సంఖ్య అపారమైనది. ఆ ఉద్యోగి బ్రతుకును గురించి సి. రైట్ మిల్స్ 1951లోనూ, విలియమ్ వైట్ 1956లోనూ ప్రసిద్ధ గ్రంథాలు వ్రాసినారు. సంస్థలో ఇమిడిపోవటమే సుగుణంగా మారిన మనిషిని వారు వర్ణించినారు. వైల్డరు దానినే అంకెలలో చూపినాడు. చిత్రం మొదలు కాగానే బాక్‌స్టర్ గొంతు వినిపిస్తుంది. నగర జనాభా 80,42,783 అంటాడు. వారందరినీ వరుసగా పడుకోబెడితే కరాచీ పొలిమేరల దాకా వస్తారని లెక్క కట్టుతాడు. తన కంపెనీ ప్రధాన కార్యాలయంలో 31,259 మంది ఉద్యోగులు. తనది 19వ అంతస్తు, 861వ నంబరు బల్ల, వారానికి 94 డాలర్ల 70 సెంట్ల జీతం. మనిషి పేరు కంటె ముందు అంకెలు వస్తాయి.

ఆ కార్యాలయం దృశ్యం చలనచిత్రకళలో పేరుపడినది. దిగంతం దాకా బల్లల వరుసలు, ప్రతి బల్ల ముందు ఒక గుమాస్తా, తలపై దీపాల బారులు. దాని వెనుక ఉన్నది ఒక కనికట్టు. కళాదర్శకుడు అలెగ్జాండర్ ట్రౌనర్ ముందువైపు మామూలు బల్లలు వేయించి, వెనుకకు పోయేకొద్దీ చిన్న చిన్న బల్లలు చేయించినాడు. వాటి ముందు కూర్చుండటానికి పొట్టివారిని, ఇంకా వెనుక పిల్లలను కూడ ఏర్పాటు చేసినాడు. మోసాన్ని గురించిన చిత్రంలో ఆ మహాకార్యాలయం కూడ దృష్టిని మోసగించేదే. 1928లో కింగ్ విడార్ తీసిన ‘ది క్రౌడ్’ అనే మూకచిత్రంలోని కార్యాలయ దృశ్యం దీనికి మాతృక.

ఇక కథలోని హాస్యం. తాళంచెవి కోసం నలుగురు అధికారులు పోటీపడతారు. బాక్‌స్టర్‌కు జలుబు చేసి, ఇంట్లో పడుకుందామంటే ఆనాటి వంతు మరొకరిది. ఒకరి వంతు మార్చాలంటే నలుగురికి టెలిఫోను చెయ్యాలి. అతడు మూతికి మందు పట్టించుకుంటూ, దినదర్శిని త్రిప్పుతూ, రైల్వే ఉద్యోగి బండ్ల వేళలు సవరించినట్లు అధికారుల ప్రణయవేళలను సవరిస్తాడు. ఒకనాటి రాత్రి తన ఇంటిలోనికి తాను పోలేక, చలిలో పార్కులో బెంచీమీద పడుకుంటాడు. చూచి నవ్వుతాము. నవ్విన తరువాత గుర్తుకు వస్తుంది, ఆ ఇంటికి నెలకు 85 డాలర్లు అద్దె కట్టేది అతడేనని.

ఆ కంపెనీలో లిఫ్టు నడిపే ఫ్రాన్ కూబెలిక్ అనే అమ్మాయిని బాక్‌స్టర్ మనసులో ప్రేమిస్తాడు. ఉద్యోగుల శాఖ అధిపతి షెల్‌డ్రేక్ ఒకనాడు అతనిని పిలిపించి, తాళంచెవి విషయం తనకు తెలిసినదని గద్దించి, చివరకు ఆ తాళంచెవి తనకూ కావాలంటాడు. బదులుగా ఒక సంగీతనాటకానికి రెండు టిక్కెట్లు ఇస్తాడు. బాక్‌స్టర్ ఆ టిక్కెట్లతో ఫ్రాన్‌ను ఆహ్వానించి నాటకశాల ముందు నిలబడి ఉంటాడు. ఆమె రాదు. ఆమె షెల్‌డ్రేక్‌తోనే ఉన్నది. తాను ప్రేమించిన అమ్మాయిని తన ఇంటికే తీసుకొనిపోవటానికి తానే తాళంచెవి ఇచ్చినాడు! ఈ సంగతి మనకు తెలుసును, అతనికి తెలియదు. ఇక్కడ నుండి నవ్వుకు రుచి మారుతుంది.

తెలిసే ఘట్టాన్ని వైల్డరు ఒక చిన్న వస్తువుతో నడిపించినాడు. షెల్‌డ్రేక్ వచ్చిపోయిన తరువాత ఇంటిలో పగిలిన అద్దం గల ఒక పౌడరు డబ్బీ బాక్‌స్టర్‌కు దొరికినది. దానిని మర్యాదగా షెల్‌డ్రేక్‌కే తిరిగి ఇచ్చినాడు. క్రిస్మస్ ముందునాడు కార్యాలయంలో వేడుక. పదోన్నతి పొందిన బాక్‌స్టర్ కొత్త టోపీ పెట్టుకొని, ఎట్లా ఉన్నదని ఫ్రాన్‌ను అడుగుతాడు. చూచుకొమ్మని ఆమె తన పౌడరు డబ్బీ తెరచి ఇస్తుంది. పగిలిన అద్దంలో అతని ముఖం రెండు ముక్కలుగా కనిపిస్తుంది. అంతే, ఏడుపు లేదు, నేపథ్యంలో విషాదగీతం లేదు. చుట్టూ అందరూ త్రాగి పాడుకుంటున్నారు.

అదే రాత్రి ఆ ఇంటిలో షెల్‌డ్రేక్ ఫ్రాన్‌కు పండుగ కానుకగా నూరు డాలర్ల నోటు ఇచ్చి, భార్యాబిడ్డల వద్దకు పోయే రైలు కోసం తొందరగా వెళ్ళిపోతాడు. తనకు ముందు కూడ ఎందరినో ఆయన ఇట్లాగే నమ్మించినాడని ఆ సాయంకాలమే ఆయన కార్యదర్శిని వలన ఆమె విన్నది. నోటు చూచిన తరువాత ఆమెకు తన వెల ఏమిటో తెలిసినట్లయినది. స్నానాలగదిలో ఉన్న నిద్రమాత్రలన్నీ మ్రింగుతుంది. బాక్‌స్టర్ తిరిగి వచ్చేసరికి ఆమె స్పృహ లేకుండా అతని మంచం మీద ఉన్నది. ప్రక్కవాటాలో ఉండే డాక్టర్ డ్రైఫస్ వచ్చి, కడుపు కడిగి, చెంపలు వాయించి, కాఫీ త్రాగించి, తెల్లవారేవరకు నడిపించి బ్రతికిస్తాడు. హాస్యచిత్రంలో ఇంత నిర్దాక్షిణ్యంగా, ఇంతసేపు ఒక ప్రాణం కోసం పెనుగులాట చూపటం ఆనాటి ప్రేక్షకులకు కొత్త.

మరి ఇది హాస్యమెట్లా అవుతుంది? ఇక్కడనే రచయితల నేర్పు ఉన్నది. శబ్దాన్ని నమ్ముకొని పనిచేసే మావంటివారికి అది మరింత స్పష్టంగా తోస్తుంది. ప్రక్కవాటాలోని డాక్టరుగారు గోడ అవతల నుండి ప్రతి రాత్రీ గ్రామఫోను పాటలు, నవ్వులు, సీసాల చప్పుళ్ళు వింటూ వచ్చినారు. ఆ చప్పుళ్ళను బట్టి బాక్‌స్టర్ మహారసికుడని తీర్మానించుకున్నారు. నిజానికి ఆ చప్పుళ్ళు వినిపించినప్పుడు బాక్‌స్టర్ వీధిలో చలికి వణుకుతున్నాడు. చెవి విన్నది నిజమే, మనసు అల్లినది అబద్ధం. ఆ అమ్మాయి ప్రాణం తీసుకోబోవటానికి కారకుడు ఇతడేనని డాక్టరు నిందిస్తాడు. బాక్‌స్టర్ కాదనడు. అధికారి పరువు కాపాడటం కోసం మొదలైన మౌనం, తరువాత ఆమె పరువు కాపాడటం కోసం సాగుతుంది. ఆమె బావ వచ్చి ముఖం పగులగొట్టినా అతడు నిజం చెప్పడు. ఒకే అబద్ధం, స్వార్థం కోసం మోసినప్పుడు అది అతనిని అల్పుణ్ణి చేసినది, మరొకరి కోసం మోసినప్పుడు పెద్దవాణ్ణి చేసినది.

ఫ్రాన్ కోలుకునే రెండు రోజులు ఈ చిత్రంలో అన్నిటికంటె మనోహరమైన భాగం. ఇద్దరూ పేకాడుతారు. అతడు సేమ్యావంటి స్పగెట్టి వండి, గిన్నెకు చిల్లుల మూత లేక టెన్నిస్ రాకెటుతో నీరు వారుస్తాడు. తానూ ఒకప్పుడు ప్రేమవిఫలుడై తుపాకి పట్టుకొని, పొరపాటున మోకాలికి కాల్చుకున్న సంగతి చెప్పి ఆమెను నవ్విస్తాడు. ఈ మాట ఊరికే పోదు, చివరకు పనికివస్తుంది. కాని కథ ఇంతటితో సుఖాంతం కాదు. షెల్‌డ్రేక్ కార్యదర్శినిని పనిలో నుండి తీసివేస్తే, ఆమె సంగతి అంతా ఆయన భార్యకు చెప్పివేస్తుంది. ఇల్లు విడిచిన షెల్‌డ్రేక్ ఇక ఫ్రాన్‌తో బాహాటంగా తిరుగుతాడు. బాక్‌స్టర్‌కు మాత్రం 27వ అంతస్తులో గది, పెద్ద అధికారుల ప్రత్యేక స్నానశాల తాళంచెవి లభిస్తాయి. సంవత్సరాంతపు రాత్రి షెల్‌డ్రేక్ మళ్ళీ ఇంటి తాళంచెవి అడుగుతాడు. బాక్‌స్టర్ జేబులో నుండి తీసి ఒక తాళంచెవి బల్లమీద పెట్టుతాడు. అది ఇంటిది కాదు, స్నానశాలది. ఉద్యోగం వదలుకొని బయటకు నడుస్తాడు. ఎన్నో తాళంచెవులు చేతులు మారిన కథలో ఈ ఒక్క తాళంచెవి తిరిగి ఇవ్వటమే పెద్ద ఘటన.

అర్ధరాత్రి ఆ సంగతి విన్న ఫ్రాన్ షెల్‌డ్రేక్‌ను విడిచి పరుగెత్తుతుంది. మెట్లెక్కుతూ ఉండగా ‘ఢాం’ అని ఒక చప్పుడు! మోకాలి కథ గుర్తుకు వచ్చి ఆమె గుండె ఆగినంతపని అవుతుంది. తలుపు తెరచి చూస్తే బాక్‌స్టర్ చేతిలో నురగలు కక్కుతున్న షాంపేను సీసా. ఈమారు చెవి చేసిన మోసం మంచి మోసం. ఇద్దరూ మళ్ళీ పేకముక్కలు తీసుకుంటారు. కౌగిలింత లేదు, యుగళగీతం లేదు.

చిత్రం వెలువడినప్పుడు కొందరు విమర్శకులు దీనిని రోత అన్నారు. ఇంత నీచమైన విషయాన్ని వినోదం చేయటమేమిటని ఆక్షేపించినారు. ప్రజలు మాత్రం ఆదరించినారు. పది అకాడమీ బహుమతులకు పేర్కొనబడి, 1961 ఏప్రిల్‌లో అయిదు గెలుచుకున్నది: ఉత్తమ చిత్రం, దర్శకత్వం, కథారచన, కళాదర్శకత్వం, కూర్పు. నిర్మాత, దర్శకుడు, రచయిత హోదాలలో వైల్డరుకు ఒకే రాత్రి మూడు బహుమతులు వచ్చినవి. 1968లో ఇదే కథ ‘ప్రామిసెస్, ప్రామిసెస్’ అనే సంగీతనాటకమై న్యూయార్కు రంగస్థలం ఎక్కినది. 2007లో వచ్చిన హిందీచిత్రం ‘లైఫ్ ఇన్ ఎ మెట్రో’లో బొంబాయి నగరపు ఉద్యోగి ఒకడు ఇదే విధంగా తాళంచెవి ఎరువిచ్చి పైకి రావాలని చూస్తాడు. నగరమూ, భాషా మారినా గుమాస్తా మారలేదు. వైల్డరు 2002లో తన తొంభై అయిదవ ఏట పరమపదించినాడు.

ఆక్షేపించినవారి మాటలో కొంత నిజం లేకపోలేదు. ఈ కథలో పూర్తిగా నిర్దోషి ఎవడూ లేడు. బాక్‌స్టర్ బలవంతాన మోసపోయినవాడు కాదు. పదోన్నతి ఆశించి తెలిసే తాళంచెవి ఇచ్చినవాడు. అట్లాంటివానిని చూచి మనం ఎందుకు జాలిపడాలి? చిత్రం ఈ ప్రశ్నను దాటవేయలేదు. అందుకే ఫ్రాన్ పడిన యాతనను అంత నిడివిగా చూపినది. పై అధికారి నవ్వుతూ అడిగినది, క్రింది ఉద్యోగి నవ్వుతూ ఇచ్చినది ఒక చిన్న లోహపు ముక్క. దాని మూల్యం చెల్లించవలసి వచ్చినది ఆ బేరంలో పాలులేని ఒక అమ్మాయి. చిన్న అబద్ధమని మనం సరిపెట్టుకునే ప్రతి సందర్భంలోను, ఖర్చు వ్రాసే ఖాతా వేరొకరిదై ఉంటుంది. ప్రేక్షకుడు నవ్విన ప్రతి నవ్వుకు ద్వితీయార్ధంలో లెక్క చెప్పుకొనేటట్లు చేయటమే ఈ చిత్రం సాధించిన ఘనకార్యం.

డాక్టర్ డ్రైఫస్ బాక్‌స్టర్‌ను మందలిస్తూ ‘మెన్ష్’గా మారమంటాడు. అది ఐరోపా యూదులు మాట్లాడే ఇడ్డిష్ భాషలోని మాట. దానికి అర్థం మనిషి అని. కేవలం రెండు కాళ్ళ ప్రాణి కాదు, మనిషి అనిపించుకోదగ్గవాడని. ఆ పదానికీ, సంస్కృతంలోని మనుష్యశబ్దానికీ మూలం ఒకటేనని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుతారు. తెలుగులో మనమూ అదే అర్థంలో ‘వాడు మనిషిరా’ అని మెచ్చుకుంటాము, ‘మనిషివేనా?’ అని అడుగుతాము. ఉద్యోగం వదలుకొని వచ్చేటప్పుడు బాక్‌స్టర్ చేతిలో జీతం లేదు, హోదా లేదు. ఆ పగటికీ ఈ రాత్రికీ మధ్య అతనికి దక్కినదల్లా ఆ ఒక్క మాటకు అర్హత.